అజ్మాన్‌లో గది, గుడియాత్తంలో వాసకాలు

మా నాయన మేస్త్రీ. బస్సులో గుడియాత్తం నుంచి వేలూరు పోతుంటే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి "ఇది నాది, అదో అదీ నాదే" అని ఇళ్లు చూపించేవాడు. కొత్త కండక్టరు ఎవరైనా ఉంటే ఈయనెవరో పెద్ద ఆస్తిపరుడు అనుకునేవాడు. ఆయన కట్టిన ఇళ్లలో వేరేవాళ్లు కాపురముండేవాళ్లు, మేము మాత్రం నేను పుట్టినప్పటి నుంచీ బాడుగ ఇళ్లలోనే ఉన్నాం.

ఆయనకు తెలుగు మాట్లాడడమే గానీ చదవడం రాదు. నాకు ఈ అక్షరాలు వేసవి సెలవుల్లో చిత్తూరులో మేనత్త ఇంట్లో వచ్చాయి. ఆయన చదవలేడు కాబట్టే ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

ద్వారబంధాన్ని మా వైపు వాసకాలు అంటారు. కట్టే ఇంటికి దాన్ని నిలబెట్టే రోజు ఒక చిన్న పెళ్లంత సందడి. కింద నవధాన్యాలు, చిల్లర నాణేలు వేసి, ముత్తైదువులు పసుపు రాసి బొట్లు పెడతారు. మేస్త్రీ రసమట్టం చూసి బిగించాక గట్టిగా పిలవాలి: "ఇంటామె యాడ? రామ్మా, కుడికాలు పెట్టు!" ఆమె అడుగు పెట్టేదాకా ఆ గడప ఇంకెవరూ దాటకూడదు, బిగించిన మేస్త్రీ అయినా సరే. మా నాయన పిలిస్తే వీధి చివర కొట్టువాడు కూడా తలెత్తి చూసేవాడు.

మాకూ ఒక వాసకాలు ఉండేది. ఇల్లు లేదు, వాసకాలు మాత్రం ఉండేది! బజారులో ఒక షావుకారు పాత ఇల్లు పగలగొట్టే పనికి నాయన వెళ్తే, అన్నం క్యారియరు తీసుకుపోయిన అమ్మ ఆ టేకు వాసకాలు చూసి మనసు పారేసుకుంది. కూలి వద్దు, అది ఇమ్మని నాయన చేత అడిగించింది. అప్పటినుంచి మేము ఇల్లు మారినప్పుడల్లా అదీ మాతో బండెక్కేది. పెరట్లో గోడకు ఆనించిన దాన్ని చూసి ఇంటి ఓనరమ్మలు "గోడలెప్పుడు వస్తాయి?" అని తమిళంలో ఎగతాళి చేసేవాళ్లు. అమ్మకు అదేం పట్టేది కాదు. లత్తేరిలో రైల్వే స్టేషనుకు దగ్గరగా ఆమె పేరు మీద ఒక స్థలం ఉండేది. ఈ వాసకాలు అక్కడికి పోవాల్సిందని, అప్పటిదాకా మన దగ్గర ఉంటుందని ఆమె ధీమా.

శుక్రవారం శుక్రవారం దానికి పసుపు రాసేది. నాయనకు హుషారొచ్చిన రోజు దాని పక్కన నిలబడి, నిజం పని దగ్గర పిలిచినట్టే, "ఇంటామె యాడ?" అని అరిచేవాడు. "వస్తా ఉండా!" అంటూ అమ్మ చేతిలో గరిటెతోనే వచ్చి, వెనక గోడ తప్ప ఏమీ లేని ఆ గడప మీద కుడికాలు పెట్టేది. ఇద్దరూ పగలబడి నవ్వేవాళ్లు. వీళ్లకు పిచ్చి అనుకుని నేను నా పని చూసుకునేదాన్ని.

నాయన మధ్యలో కొన్నేళ్లు దుబాయి పక్కన అజ్మాన్‌లో టైల్స్ పని చేసి వచ్చాడు. ఒక పొడుగాటి బిల్డింగుకు ఆయనా, ఆయన జట్టూ అంతస్తు తర్వాత అంతస్తు నేల పరిచారు. పని అయిపోయాక తాపీ ఒకటి మర్చిపోయానని వెళ్తే, గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి పోనివ్వలేదట. తాపీ పోయింది సరే, ఆ ఆపడం మాత్రం నాయన మనసులో ముల్లులా ఉండిపోయింది.

తర్వాత చాన్నాళ్లకు వేలూరులో ఒక హోటలు హాల్లో విదేశాల్లో ఫ్లాట్లు అమ్మే మీటింగు పెట్టారు. నేను వేలూరులో బట్టల కొట్లో బిల్లులు వేస్తాను, కాస్త ఇంగ్లీషు వచ్చు కాబట్టి నన్ను వెంటబెట్టుకుపోయాడు. తెర మీద బొమ్మలు మారుతుండగా నాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అదే బిల్డింగు.

బ్రోకరు మా దగ్గరికొచ్చి తెలుగులో, "కూర్చోండి పెదనాయనా, ఏం తాగుతారు?" అన్నాడు. అంతే. తమిళ ఊర్లో పుట్టి పెరిగిన మావాళ్లకు పరాయి చోట తెలుగు మాట వినపడితే ప్రాణం లేచొస్తుంది. ధర మీద ఇంకా ఏమేం పడతాయని అడగాల్సిన మనిషి, "మీ అమ్మది ఏ ఊరప్పా?" అని అడిగాడు. పలమనేరు పక్కన అన్నాడు వాడు. "అయితే మనకు కావాల్సినోళ్లే!" అని నాయన వాడి భుజం తట్టాడు. నేను కల్పించుకుని ఖర్చుల మాట ఎత్తితే, "ధర ఇదే చెల్లెమ్మా, మిగతావన్నీ చిన్న చిన్నవి" అన్నాడు. ఆ చిన్న చిన్నవాటిలోనే మేము మునిగిపోయాం.

ఆ ఫ్లాట్ అంటే ఒక్క గది, దానికో వంట మూల. లత్తేరి స్థలం అమ్మితే దానికి సరిపోతుంది. అమ్మ అన్నీ విని ఒక్కటే అడిగింది.

"ఆ ఇంటికి మన వాసకాలు పెట్టనిస్తారా?"

"ఆడ తలుపులు వాళ్లే పెట్టి ఇస్తారే. మనం ఆడికి పోయేది లేదు, బాడుగకు ఇచ్చేస్తాం. ఆ బాడుగతో ఈడ మళ్లీ స్థలం కొని కట్టేస్తా. నీ వాసకాలు యాడికి పోతాది?"

ఆమె స్థలం అమ్మకం కాగితాల మీద సంతకం పెట్టింది.

మా వైపు స్థలం కొంటే బ్రోకరుకు కమిషను రిజిస్ట్రేషను అయ్యాకే ఇస్తారు. తట్టలో ఆకూ వక్కా, అరటిపళ్లు, వాటి మీద మనసుకు తోచినంత పెట్టి చేతికిస్తే, వాడు కళ్లకద్దుకుని తీసుకోవాలి. కాగితాలు వచ్చాయని కబురందగానే నాయన కొత్త పంచె కట్టుకుని అలాంటి తట్టతోనే వేలూరులో వాడి ఆఫీసుకు పోయాడు. కమిషను మేము పంపిన డబ్బులోంచి ముందే కోసేసుకున్నారని అక్కడ తెలిసింది. అయినా వాడు తట్టను వద్దనలేదు. "ఇది మీ సంతోషం కదా పెదనాయనా" అని కళ్లకద్దుకునే తీసుకున్నాడు. ఆ అరటిపళ్లు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇక వరస మొదలైంది. డబ్బు దేశం దాటేటప్పుడు బ్యాంకు పట్టుకున్న పన్ను, రూపాయిని అక్కడి డబ్బుగా మార్చినందుకు తరుగు, అక్కడి రిజిస్ట్రేషను రుసుము, నాయన బదులు సంతకం పెట్టినవాడికి ఫీజు. బాడుగకు మనిషిని తెచ్చినవాడికి ఇంకో కమిషను. అన్నిటికీ మించి బిల్డింగు మెయింటెనెన్సు, అది ఏటేటా కట్టాలి. బాడుగకున్నవాడు కొన్నాళ్లకే ఖాళీ చేసిపోయాడు. మెయింటెనెన్సు బాకీ తీరిస్తేనే కొత్తవాళ్లను పెట్టనిస్తామన్నారు. అమ్మేద్దామన్నా ముందు ఆ బాకీ తీర్చాలి, మళ్లీ కమిషనివ్వాలి.

నాయన ఫోనులో అరిచాడు. బ్రోకరు గొంతు పెంచకుండా, "అవన్నీ మీరు సంతకం పెట్టిన కాగితాల్లో ఉండేవే కదా పెదనాయనా" అన్నాడు. ఆ రోజు కూర్చుని చదివాను. నిజమే, అన్నీ ఉన్నాయి. వాడు ఒక్క అబద్ధమూ ఆడలేదు. దొంగనాయాలా అని తిట్టి మనసు తేలిక చేసుకునే సుఖం కూడా మాకు లేకుండా పోయింది.

ఆ బాకీ కోసం వాసకాలు అమ్ముదామన్నది అమ్మే. గుడియాత్తంలో కొత్త ఇల్లు కడుతున్న నూనె కొట్టు షావుకారు, మా తెలుగువాడే, దాన్ని చాన్నాళ్లుగా అడుగుతున్నాడు. ఆ ఇంటికి మేస్త్రీ మా నాయనే. "టేకుకు ఇప్పుడు మంచి ధర ఉండాది. గోడకు ఆనుకుని అదేం చేస్తా ఉండాది?" అంది అమ్మ, కూరగాయల సంగతి మాట్లాడినంత మామూలుగా. నాయన ఆ పూట అన్నం తినలేదు.

నిలబెట్టే రోజు షావుకారు భార్య మమ్మల్ని కూడా పిలిచింది. మంచావిడ. పసుపు రాసే ముత్తైదువుల్లో అమ్మను ముందు నిలబెట్టింది. వాసకాలు ఎడమవైపు నిలువు చెక్క అడుగున చిన్న సొట్ట ఉంటుంది, బండి మీద నుంచి దించేటప్పుడు పడింది. అమ్మ చెయ్యి చూడకుండానే అక్కడికి పోయి, ఆ సొట్టలోకి పసుపు దిద్దింది. ఎవరికీ తెలియకుండా నేను అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

నాయన గింజలు వేశాడు, నాణేలు వేశాడు, రసమట్టం పెట్టి చూశాడు. అంతసేపూ అమ్మ వైపు తల తిప్పలేదు. బిగించడం అయ్యాక లేచి, తలపాగా సర్దుకుని, ఎప్పటిలాగే గట్టిగా పిలిచాడు.

"ఇంటామె యాడ?"

"వస్తా ఉండా!"

అది మా అమ్మ గొంతు. చేతిలో పసుపు గిన్నెతో గడప ముందుకు వచ్చేసింది. కుడికాలు లేచింది కూడా.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. షావుకారు భార్య బదులు అమ్మ పలికిందనుకున్నట్టున్నారు, ఎవరో ఆవిడను ముందుకు తోశారు. అమ్మ కాలు వెనక్కి తీసుకుని పక్కకు జరిగి, "రామ్మా, రా" అని ఆవిడకు దారిచ్చింది. ఆవిడ నవ్వుతూ లోపలికి పోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాయన తలపాగా విప్పి మొహానికి అడ్డం పెట్టుకుని, దుమ్ము పడిందన్నాడు.

ఇంటికి వచ్చేటప్పుడు టౌను బస్సులో నాయన కిటికీ పక్కనే కూర్చున్నాడు గానీ చెయ్యి బయటపెట్టలేదు. బస్సు మళ్లీ ఆ షావుకారు ఇంటి ముందు నుంచే పోతుంటే కళ్లు మూసుకున్నాడు. అమ్మ చాలాసేపటికి నా చెవి దగ్గరికి వంగి, ఆయనకు వినపడకుండా చెప్పింది.

"ఆయప్ప పిలిస్తే, నన్నే అనుకున్యానే."