చిన్నవాళ్ళే ముందు మాట్లాడాలి

ఈ ఉదయం మీటింగులో "ఎవరికైనా అనుమానాలున్నాయా?" అని అడిగాను. ఎవరూ పలకలేదు. గదిలో ఫ్యాను కిర్రుమంటున్న చప్పుడు తప్ప మరేమీ వినపడలేదు. అలాంటి నిశ్శబ్దం నాకు పడదు. అది వినగానే పైడిరాజు గారు గుర్తొస్తారు.

విజయనగరంలో ఒక చీరల దుకాణం మీది అంతస్తులో మా ఆఫీసు ఉండేది. ఆస్పత్రులకు సాఫ్ట్‌వేర్ రాసిచ్చే కంపెనీకి అదొక చిన్న శాఖ. ఏడుగురం పనిచేసేవాళ్ళం, పైడిరాజు గారు మా టీమ్ లీడర్. భావనపాడులో చేపలు పట్టే కుటుంబం ఆయనది. ఇంజనీరింగ్ చదివి ఎన్నేళ్ళయినా మాటలో ఊరు పోలేదు, పోగొట్టుకోవాలని ఆయన అనుకోనూ లేదు. రోజూ పొద్దున కిటికీ దగ్గర పది నిమిషాలు నిలబడి, ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకునేవాళ్ళం. అన్ని కంపెనీల్లోనూ ఉండే తంతే అది. మా దగ్గర మాత్రం అందరికంటే కొత్తగా చేరినవాళ్ళు ముందు మాట్లాడాలి, ఆయన చివర మాట్లాడతారు. ఎందుకని అడిగితే, "మా అయ్య బోటులో అలగే ఉండేదమ్మా. గాలి మారిందా, వల ఎక్కడెయ్యాల అని ముందు సిన్నోల్లనే అడిగేవోడు. పెద్దోడు ముందు నోరిప్పితే మరెవులూ ఇప్పరు" అన్నారు.

నేను నరసన్నపేట నుంచి వచ్చి చేరిన మొదటి వారం అది. చేతులు కట్టుకుని "అంతా బాగానే ఉంది సార్" అన్నాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "అంతా బాగున్నాదంటే, నువ్వు సూసైనా ఉండవు, లేపోతే సూసి బయపడైనా ఉంటావు. రెండిట్లో ఏది?" అని అడిగారు. రెండోదే సార్ అన్నాను. మర్నాటి నుంచి నాకు అర్థం కానివి చెప్పడం మొదలుపెట్టాను. తెలివైనదాన్నని పేరు తెచ్చుకుందామని వచ్చినదాన్ని, రోజూ నా తెలివితక్కువతనాన్ని ఏకరువు పెట్టేదాన్ని. చదువుకున్న నాలుగేళ్ళలో నేర్చుకోనంత పని ఆ ఏడాదిలో నేర్చుకున్నాను.

వర్షాకాలంలో ఒకరోజు నా చేతిలోనే పెద్ద తప్పు జరిగింది. రోగులకు ఇచ్చే మందుల చీటీ ముద్రించే భాగంలో నేను చేసిన మార్పు వల్ల, రాత్రి వేసుకోవలసిన మాత్రలు పొద్దుటి గడిలో పడుతున్నాయి. అది ఒక ఆస్పత్రికి వెళ్ళిపోయాక చూసుకున్నాను. కిటికీ దగ్గర మొదటి వంతు నాదే. చెప్పేశాను.

"ఎప్పుడు సూసినావు?"

"ఇందాకే సార్."

"సూసినావు, సెప్పినావు. ఇంకేటి కావాల? బేగి రా, ఆస్పత్రికి ఫోన్ సేద్దాం."

అదృష్టం బాగుండి అక్కడి నర్సు ముందే గమనించి చీటీలు ఆపేసింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన ఫోనులో "తప్పు మాదేనమ్మా" అన్నారు. నా పేరు ఎత్తలేదు.

ఆస్పత్రివాళ్ళు మా పైవాళ్ళకు ఫిర్యాదు రాశారు. వారం తిరక్కుండా హెడ్డాఫీసు నుంచి ఒక అధికారి దిగాడు. తప్పు ఎవరిదని అడిగితే పైడిరాజు గారు "టీముది" అన్నారు. పేరు చెప్పమంటే చెప్పలేదు. అధికారి మమ్మల్నందరినీ ఆయన ఎదుటే నిలబెట్టాడు. "ఈయన తప్పులు కప్పిపుచ్చుతున్నారని నా అనుమానం. నిజమా కాదా చెప్పండి. మీ పద్ధతి ప్రకారమే కానిద్దాం, చిన్నవాళ్ళతో మొదలుపెడదాం" అన్నాడు.

ఆ చిన్నదాన్ని నేనే. నా ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. ఆ తప్పు నాది, దాచమని ఆయన ఎప్పుడూ అనలేదు, చెప్పిన మరుక్షణం సరిచేయించారు అంటే చాలు. నేల చూస్తూ "నాకు తెలీదు సార్" అన్నాను. నా తరవాత ఐదుగురూ వరసగా అదే మాట అన్నారు. నేను నిజం చెప్పి ఉంటే వాళ్ళూ చెప్పేవారని ఈ రోజుకీ నమ్ముతాను. పైడిరాజు గారు మా ఎవరివంకా చూడలేదు. ఆ నెలాఖరుకు ఆయన్ని తీసేశారు.

రెండేళ్ళ తరవాత ధైర్యం కూడగట్టుకుని భావనపాడు వెళ్ళాను. చేపలకు ఐసు తయారుచేసే ఫ్యాక్టరీలో, బావమరిదికి తోడుగా ఉన్నారు. నన్ను చూసి కుర్చీ తెప్పించారు, టీ తెప్పించారు. టీ తాగలేక చేతిలో పట్టుకునే కూర్చున్నాను.

"ఆరోజు నేను మాట్లాడాల్సింది సార్."

"అవునమ్మా, మాటాడాల్సింది" అన్నారు. పరవాలేదులే అంటారని ఎదురుచూశాను. అనలేదు.

"భయమేసింది సార్."

"తెలుసు. నాకూ బయమేసినాది. ఆడు గట్టిగా అడిగితే నీ పేరు సెప్పీస్తానేటోనని."

ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. ఇక్కడ కూడా చిన్నవాళ్ళే ముందు మాట్లాడతారా అని ఏదో ఒకటి అడగాలని అడిగాను.

"లేదమ్మా. ఇక్కడ నేను సెప్తాను, వోల్లు సేస్తారు. అడిగే ఓపిక పోనాది." ఆ మాట అంటూనే లేచి, ఐసు దిమ్మలు మోస్తున్నవాళ్ళను ఏదో గద్దించారు. ఆయన గొంతు పెంచగా వినడం నాకదే మొదటిసారి. తిరుగు బస్సులో నరసన్నపేట వచ్చేదాకా తల ఎత్తలేకపోయాను.

ఇప్పుడు ఆరుగురున్న టీముకు నేను లీడర్ని. కొత్తగా చేరినవాళ్ళే ముందు మాట్లాడతారు. తప్పు చేసి చెప్పినవాళ్ళను నేనూ ఏమీ అనను. వాళ్ళకు భయం పోవాలని నేను చేసిన పొరపాట్లు కూడా చెబుతుంటాను. మందుల చీటీ సంగతి నవ్వుతూ చెబుతాను, వాళ్ళూ నవ్వుతారు. అధికారి ముందు నిలబడ్డ రోజు దాకా వచ్చి, అక్కడ మాట మార్చేస్తాను. ఆ ఒక్క తప్పూ ఇంకా నోటికి రాలేదు.