ఎవరూ చూడని మరమ్మతు

సాయం చేస్తామని వచ్చి చేతిలో పని లాక్కునేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. దొంగనైనా క్షమిస్తాను. దొంగ ఎత్తుకుపోయింది మళ్ళీ సంపాదించుకోవచ్చు. వీళ్ళు మనకు రావలసిన పనిని రానివ్వరు, పైగా మన చేతనే దండం పెట్టించుకుంటారు. ఈ కోపం నాకు ఎక్కడ మొదలైందో చెబుతాను. చెప్పినంత మాత్రాన తగ్గుతుందని కాదు.

మాది దూది ఏకే ఇల్లు. సికింద్రాబాదులో రెజిమెంటల్ బజారు వెనక సందులో ఉండేవాళ్ళం. మా నాయన పరుపులు, దిండ్లు, బొంతలు చేసేవాడు. యుద్ధం అయిపోయాక బొల్లారంలో మిలిటరీవాళ్ళు పాత సామాను హర్రాజు వేస్తే ఒక ట్రైలర్ కొన్నాడు. మోటారు వెనక తగిలించి లాగే రెండు రబ్బరు చక్రాల బండి అది. దానికి ముందు కాడి బిగించి ఎద్దులను కట్టాడు, పైన తార్పాలిన్ కప్పాడు. లోపల ఒక పక్క దూది, ఒక పక్క వంట సామాను, మధ్యలో పడుకునేంత చోటు. పెళ్ళైన కొన్నాళ్ళకే మొగుడు పోయి పుట్టింటికి చేరిన నాకు ఆ ట్రైలరే ఇల్లయింది. నాయన దూది ఏకేవాడు, నేను బొంతలు కుట్టేదాన్ని. అలా ఊరూరా తిరిగేవాళ్ళం.

నాయన నన్ను ప్రాణంలా చూసుకునేవాడు. అందుకే బండి పని ఏదీ నేర్పలేదు. చక్రం విప్పేటప్పుడు నట్లు తిప్పే పానా నాకిమ్మంటే, "నీకెందుకు బిడ్డా తక్లీఫ్, నువ్వు కుట్టు జూస్కో" అనేవాడు. విప్పిన నట్లు పోకుండా నా కొంగులో పోసేవాడు. అంతవరకే నా ఉద్యోగం. కొంగు పట్టుకుని కూర్చుని ఆయన చేతులనే చూసేదాన్ని. ఏది ముందు ఊడింది, ఏది తర్వాత ఊడింది, మూత కింద ఏముంది, అన్నీ కళ్ళతోనే నేర్చుకున్నాను.

ఒక్క సంగతి మాత్రం చెవులతో నేర్చుకున్నాను. ఒకసారి ఎవరో బండాయన, పాపం మంచికే, తన కందెన గొట్టం పట్టుకుని మా చక్రం దగ్గరికి వచ్చాడు. మామూలు ఎడ్లబండి ఇరుసుకు పెట్టేది అదే, ఆముదంలో కాల్చిన గడ్డి బూడిద కలిపిన నల్లటి జిడ్డు. నాయన అంతెత్తున లేచాడు. "గా బూడిద నా బండికి పెడ్తవా? లోపట ఉక్కు గుండ్లున్నయ్. ఇసుక తీర్గ తినేస్తది" అన్నాడు. మా ట్రైలర్‌కు పచ్చటి మిలిటరీ గ్రీజు తప్ప ఇంకేదీ పడదు. ఆ డబ్బా ఆయన దిండు పక్కనే ఉండేది.

పోలీస్ యాక్షన్ జరిగిన ఏడాది చలికాలంలో నాయన జ్వరంతో పోయాడు. సీతాఫల్‌మండిలో కాపురముంటున్న మా అన్న దినాలు కాగానే ట్రైలర్ అమ్మేస్తానన్నాడు. "ఆడమనిషివి, ఒక్కదానివి. గీ దినాలల్ల రోడ్ల మీద ఏం తిరుగుతవ్? మా ఇంట్ల బుక్కెడు బువ్వకు కొదువనా?" అన్నాడు. కొదువ లేదు. ఆ బుక్కెడు బువ్వ తిన్న చేత్తోనే అంట్లు తోమాలి, పిల్లల్ని ఎత్తుకోవాలి, వదిన మొహం ఎలా ఉందో చూసి మాట్లాడాలి. అలా బతికే మేనత్తలను, పెద్దమ్మలను మా సందులో ఇంటికొకరిని చూశాను. నేను ఒప్పుకోలేదు. ఏడవలేదు, బతిమాలలేదు, పోట్లాడాను.

చివరికి అన్న ఒక షరతు పెట్టాడు. "సరే, ఒక్కపారి తిరిగి రా. బొల్లారం అవతల నాయన పోయే ఊర్లన్నీ పోయి రా. నడుమల బండి ఆగిందని ఎవలన్న వచ్చి నాకు జెప్పిండ్రో, అమ్మేస్తా. మల్ల మాట్లాడొద్దు."

బయల్దేరాను. కాడి తాడు వదులుగా కడితే ఎద్దు మెడ ఒరుసుకుపోతుందని, ఎత్తు మీద ఆగితే ముందుగా చక్రం వెనక రాయి పెట్టాలని, ట్యూబులో గాలి ఎక్కువైతే మధ్యాహ్నం ఎండకు ఢామ్మంటుందని దెబ్బ తిన్నాకే తెలిసింది. తెలిసినందుకు ఎంత సంతోషంగా ఉండేదో. దెబ్బ నాది, తెలివీ నాదే. కానీ గాలి పంపు చేతిలో పట్టుకుంటే చాలు, ఎక్కణ్ణుంచో నలుగురు మగవాళ్ళు ఊడిపడేవాళ్ళు. సొంత ఇంట్లో పెళ్ళాం కట్టెలు కొడుతుంటే అరుగు మీద బీడీ కాల్చేవాళ్ళే, నా పంపు మాత్రం లాక్కునేవాళ్ళు. "జరుగమ్మా, నీతోని కాదు." కాదో అవునో చూడనిస్తే కదా!

అప్పుడు దారుల మీద యూనియన్ మిలిటరీ కాపలా ఉండేది. ఒకచోట ఆపి, మిలిటరీ బండి నీకెక్కడిదని అడిగారు. హర్రాజు సంగతి చెప్పాను. నమ్మారు. ఒక్కదాన్నే వచ్చానంటే మాత్రం నమ్మలేదు. "ఆద్మీ కిధర్ హై?" అని ఒక జవాను ట్రైలర్‌లోకి ఎక్కి, మగవాడు దాక్కున్నాడేమోనని కొత్త బొంతలను బాయినెట్‌తో పొడిచి చూశాడు. దూది తప్ప ఏమీ రాలేదు. ఊళ్ళలో ఇంకో రకం. "మీరేందోళ్ళు?" అని అడిగేవాళ్ళు. దూదేకులవాళ్ళం కదా, తురకలు మమ్మల్ని తెలుగోళ్ళనేవాళ్ళు, తెలుగోళ్ళు తురకలనేవాళ్ళు. ఆ ఏడాది ఆ రెండో మాట వినబడితే ఆ రాత్రి ఆ ఊళ్ళో ఆగేదాన్ని కాదు. అయినా పరుపు కావలసినవాళ్ళు పిలిచారు, కుట్టించుకున్నారు.

బొల్లారం దాటి సగం ఊళ్ళు తిరిగాక, ఒక పటేలు ఇంట్లో పని దొరికింది. పని ముగిశాక వాళ్ళ వాకిట్లోనే ఎడమ చక్రం మూత విప్పి గ్రీజు పెట్టబోయాను. పటేలు బండి తోలేవాడు కందెన గొట్టంతో రానే వచ్చాడు.

"జెర జరుగమ్మా. గీ పచ్చ జిడ్డుతోని చక్రం తిర్గుతదా?"

"వద్దన్నా. దీనికి బూడిద పడదు, లోపట గుండ్లు పాడైతయ్."

అరుగు మీద కూర్చున్న పటేలు నవ్వాడు. "మా తాతల కాలం సంది కందెనే పెడ్తున్నం. నువ్వొచ్చి నేర్పుతున్నవా బిడ్డా? పెట్టుర."

నేను చెయ్యి అడ్డం పెట్టాను. అతను నా చేతిని పక్కకు తీసి, గొట్టంలో ఉన్నదంతా లోపల కుక్కి, మూత పెట్టి సుత్తితో కొట్టాడు. "ఇగ ఫికర్ లేదు, బొంబాయి దాక పో" అన్నాడు. అందరూ నా వైపే చూస్తున్నారు. దేనికో తెలుసు. దండం పెట్టాను. ఆ దండం గుర్తొస్తే ఇప్పటికీ నా చేతులు నేనే విరుచుకోవాలనిపిస్తుంది.

అక్కడే విప్పితే మళ్ళీ పెడతారు. ఊరు దాటాక చూసుకుందామని బండి కట్టాను. ఊరు దాటక ముందే ఆ చక్రం అరవడం షురూ చేసింది. ఇళ్ళలో ఉన్నవాళ్ళు బయటికి వచ్చి చూశారు. "ఆడిదాని చేతి బండి గట్లనే ఉంటది" అని ఒకడన్నాడు. కూరగాయలు వేసుకుని సికింద్రాబాదు పోతున్న వాళ్ళ ఊరి బండి నన్ను దాటి వెళ్ళిపోయింది. ఆ బండివాడు మా నాయనను ఎరిగినవాడే. బండి ఆగిపోయిందన్న మాట మా అన్న చెవిన పడుతుందని నాకు అప్పుడే తెలిసింది.

ఎవరూ లేని చోట బండి ఆపాను. ఎద్దులను విప్పాను. బొంతలన్నీ దించి బరువు తగ్గించాను. ఇరుసు కింద రాళ్ళు పేర్చి, చక్రం కింద మట్టిని గడ్డపారతో తవ్వాను. తవ్వగా తవ్వగా చక్రం గాలిలో వేలాడింది. చక్రాన్ని ఎత్తే బలం నాకు లేదు, నేలను దించే ఓపిక ఉంది. పానా రెండు చేతులతో పట్టి, కాలితో తొక్కి నట్టు వదులు చేశాను. విప్పినవన్నీ ఊడిన వరసలో కొంగు మీద పరుచుకున్నాను. లాంతరులోని కిరసనాయిలు గిన్నెలోకి వంచి గుండ్లు కడిగాను. దూదితో తుడవలేదు, పీచు లోపల ఉండిపోతుంది. పాత చీర చింపి తుడిచాను. గుండ్ల మీద గీతలు పడ్డాయి కానీ గుండ్రం చెడలేదు. పచ్చ గ్రీజు కూరి, చివర ఊడినదాన్ని ముందు పెడుతూ బిగించుకుంటూ వచ్చాను. చేత్తో తిప్పితే చక్రం తిరుగుతూనే ఉంది. ఆ మట్టిలో కూర్చుని పెద్దగా నవ్వాను. మిగిలిన ఊళ్ళన్నీ తిరిగాను. కిరసనాయిలు కంట్రోలు దుకాణంలో తప్ప దొరకని రోజులు, ఆ తిరిగినన్ని రోజులూ దీపం లేదు. బండి మాత్రం మళ్ళీ ఎక్కడా ఆగలేదు.

రెజిమెంటల్ బజారు సందులోకి వచ్చేసరికి అన్న నిలబడి ఉన్నాడు. పక్కన ఒక గడ్డి వ్యాపారి, తన ఎద్దులను తోలుకుని మరీ వచ్చాడు.

"ఆగిందంట గదా" అన్నాడు అన్న.

"ఆగింది. పాడు చేసింది వాళ్ళు. బాగు చేస్కున్నది నేను. తిప్పి సూడు."

"నువ్వు బాగు చేస్తుంటె ఎవలు సూసిండ్రు?"

"ఎద్దులు సూసినయ్. అడుగు."

వ్యాపారి నవ్వాడు. అన్న నవ్వలేదు. మాట మాటేనన్నాడు, దిగమన్నాడు. నాయన పోయాక ఇల్లూ, ఎద్దులూ, ట్రైలరూ అన్న సొత్తే. నేను కూడా అన్న ఇంటి మనిషినే తప్ప నాకు నేను ఎవరినీ కాను. దిగి, నా సామాను మూట కట్టుకోవడం మొదలుపెట్టాను.

వ్యాపారి చక్రాలు చూస్తానన్నాడు. ఒక పక్క వాసం పెట్టి ఎత్తారు. అన్న వంగి ఎడమ చక్రాన్ని గట్టిగా తిప్పాడు. అది తిరిగింది, తిరుగుతూనే ఉంది.

"సూడుండ్రి సేటూ, సప్పుడు సుత లేదు" అన్నాడు అన్న. "నేను దగ్గరుండి బాగు చేయించిన."

నా ఎదురుగానే అన్నాడు. నేను అక్కడ లేనట్టే అన్నాడు.

"దీనికేం పెట్టాలె మరి?" అని వ్యాపారి అడిగాడు.

అన్నకు తెలియదు. నా వైపు ఒక్కసారి తిరిగి అడిగితే సరిపోయేది. తిరగలేదు. "కందెన. ఇంకేముంటది" అన్నాడు.

గ్రీజు డబ్బా నా మూటలో ఉంది. మూట ముడి గట్టిగా బిగించి, అన్న వెనక సీతాఫల్‌మండికి నడిచాను.