తుమ్మని రోజు

మొన్న పాత దిండు కుట్టు విప్పగానే ముక్కుకు తగిలిన దూది వాసన నన్ను తొంభైల నాటి కాటన్‌పేటకు, మా ఇంటి ముందుగదికి తీసుకుపోయింది. అక్కడ దూదేకే విల్లు టంగుటంగున మోగుతుంటే, తెల్లటి నూగు ఎండలో తేలుతూ మా జుట్టు మీదా, ఆరబెట్టిన తీపి ఒబ్బట్ల మీదా, దేవుడి పటాల మీదా చప్పుడు లేకుండా వాలేది.

ఆ నూగుకు ఎక్కువగా తుమ్మేది నా చెల్లెలు సుమ. మా ఇంట్లో కుట్టిన పెళ్ళివారి పరుపులు గడప దాటే వేళ తుమ్మితే అపశకునమని అవ్వ భయం. అందుకే పరుపులు పంపే రోజు పొద్దున్నే తుమ్ముల మాత్ర సగం విరిచి మింగించేది.

"ఈ పొద్దు తుమ్మినావంటే నిన్నూ పరుపులో పెట్టి కుట్టేస్తా, చూడు."

సుమకు ఏడేళ్ళు, నాకు పది. ఆ రోజు అవ్వ మాత్ర ఇవ్వడం మరిచిందనుకుని నాన్న జలుబు సిరప్పు రెండు చెంచాలు తాగించాడు. ఆరు పరుపులూ ఒక్క తుమ్ము లేకుండా గడప దాటాయి. సుమ మాత్రం దూదికుప్ప పక్కన పడుకుని, పిలిచినా గిల్లినా లేవలేదు.

"ఏమిచ్చినావమ్మా దీనికి?"

"ఎప్పుడూ ఇచ్చే మాత్రే కదప్పా."

"అయ్యో, నేనూ సిరప్పు పోసినానే!"

నాన్న ఆటో కోసం పరుగెత్తాడు. విల్లు ఆగిపోయింది. సుమ ముక్కు దగ్గర ఒక నూగుపోగు ఊగుతూ ఉంది. అది ఊగినప్పుడల్లా ఒకటి చొప్పున నేను పైకే లెక్కపెట్టాను. నూటపదకొండు దగ్గర అది నిలిచిపోయింది. ముందుకు పోవడానికి నోరు రాక మళ్ళీ నూటపదకొండే అన్నాను. ఆ తర్వాత పోగు కదిలింది.

ఆసుపత్రిలో డాక్టరు సిరప్పు సీసా, మాత్ర అట్ట పక్కపక్కన పెట్టి చదివాడు. "రెండింట్లోనూ ఒకే జాతి మందు ఉండాది. ఇంట్లో ఒకరితో ఒకరు మాట్లాడుకోరా మీరు?"

తర్వాత నేనే చదివి తెలుసుకున్నాను. దుమ్ము పడనివాళ్ళ ఒంట్లో హిస్టమిన్ అనేది ఊరి తుమ్ములు రప్పిస్తుంది. మాత్ర దుమ్మును పోగొట్టదు, హిస్టమిన్ కూర్చునే చోట ముందే కూర్చుంటుంది. పాతకాలపు మందులు మెదడులోకీ పోతాయి. అక్కడ మనల్ని మేలుకొలిపి ఉంచేది ఆ హిస్టమినే. కొత్తవాటికి మత్తు తక్కువ. ఏదైనా సరే, రెండు మందులు కలిపే ముందు రెండింటి మీదా రాసింది చదవాలి.

సుమ సాయంత్రానికి కళ్ళు తెరిచింది. మొదటి మాట నాతోనే అంది. "అక్కా, నూటపదకొండు రెండుసార్లు అన్నావు."

ఇప్పుడా ముందుగది మొబైల్ దుకాణం. విల్లు లేదు, నూగు లేదు, అవ్వ లేదు. తుమ్ముకు భయపడి గడప దగ్గర ఆగేవాళ్ళూ లేరు. అంత నిద్రలో ఎలా విన్నావని సుమను అడిగితే, పడుకుని వినలేదంటుంది. నా వెనక నిలబడి విన్నదట.