వెర్లిన్ విమానానికి తోక లైటు

వెర్లిన్ హాగ్‌స్టాడ్ నలభై ఏళ్లు కోత మిషన్లు బాగుచేశాడు. నార్త్ డకోటాలో మా చుట్టుపక్కల అతని చెయ్యి పడని మిషన్ లేదు. పని మానేశాక తన ట్రాక్టర్ షెడ్డులో ఇద్దరు కూర్చునే చిన్న విమానం కట్టడం మొదలుపెట్టాడు. అల్యూమినియం రేకులకు రివెట్లు కొడుతూ తొమ్మిదేళ్లు కట్టాడు. ఒక్క రివెట్టు వంకరపోయినా పీకి మళ్లీ కొట్టేవాడు. తోక భాగం రేకు మూసేసిన రోజున, పక్క పొలంలో ఉన్న నన్ను పిలిచి మరీ దాని మీద చెయ్యి వేయించాడు. ఎక్కడా గరుకు లేదు.

అప్పట్లో అతనికి చీకట్లో ఎగిరే ఉద్దేశం లేదు. అందుకని తోకకు లైటు పెట్టలేదు, లోపల వైరూ వెయ్యలేదు. తర్వాత భార్య ఆర్లిస్ ఒక మాట అంది.

"బిస్మార్క్‌లో మా అమ్మని చూసి రావడానికే కదా ఇది? చలికాలం ఐదింటికే పొద్దుపోతుంది. లైటు లేకపోతే అక్కడే పడుకోవాలి. దానికంటే కారు నయం."

వెర్లిన్ లైటు తెప్పించాడు.

వైరు సీటు వెనక నుంచి తోక చివర దాకా వెళ్లాలి. మధ్యలో రేకును నిలబెట్టే నాలుగు చట్రాలు, ఒక్కోదాని నడుమ సన్నటి మనిషి దూరేంత ఖాళీ, వైరు కోసం అంచున వేలు దూరేంత రంధ్రం. గట్టి ఇనుప తీగకు వైరు కట్టి లోపలికి తోశాడు. రెండో చట్రం దగ్గర ఆగిపోయింది. మూడు రోజులు తోశాడు. తను దూరుదామంటే భుజాలు పట్టవు. చివరికి మరదలు కారిన్‌ను బతిమాలుకున్నాడు. ఆవిడ ఊళ్లో ఉత్తరాలు పంచుతుంది, సన్నగా ఉంటుంది. బరువుకు వాలకుండా తోక కింద చెక్క దిమ్మ ఆనించి, లోపల చెక్క పలక పరిచి ఆవిడను పంపించాం.

కాసేపటికి లోపలి నుంచి గొంతు వినిపించింది. "ఏమయ్యా వెర్లిన్, రెండు వైర్లూ తెల్లవే. ఏది ఏది?"

"విమానం వైర్లన్నీ తెల్లగానే ఉంటాయి."

"అయితే గుర్తు పెట్టాలని తోచలేదా? నలభై ఏళ్లు మెకానిక్‌గా ఏం చేశావు?"

కారిన్ వైర్లను తోక చివర దాకా లాగి, మధ్యలో క్లిప్పులతో బిగించి, మోకాళ్లు రుద్దుకుంటూ బయటికొచ్చింది. వెర్లిన్ తోక చివర అటూ ఇటూ తిరిగే చుక్కాని అడుగున లైటు బిగించి స్విచ్ వేశాడు. వెలగలేదు. స్క్రూలు ఊడదీసి వైర్లు అటుది ఇటు, ఇటుది అటు మార్చాడు. వెలిగింది.

"ఇక నేను వెళ్తా," అంది కారిన్.

"ఆగు." అతను కాలితో పెడల్ నొక్కాడు. చుక్కాని ఎడమకు తిరిగింది, లైటు ఆరిపోయింది. మధ్యకు తెస్తే వెలిగింది. ఎడమకు తిప్పితే మళ్లీ ఆరింది. లోపల వైరు బిగుతుగా ఉండిపోయింది, చుక్కాని తిరిగినప్పుడల్లా దాన్ని గుంజుతోంది.

"ఇంకొక్కసారి లోపలికి..." అన్నాడు.

"నేను వెళ్లను. కింద రేకు చెయ్యి పట్టేంత కోసి మూత పెట్టుకో."

"తొమ్మిదేళ్లు కట్టిన రేకును కొయ్యమంటావా?"

"నా మోకాళ్లను యాభై మూడేళ్లుగా వాడుతున్నా. నాకున్నవి ఇవే."

ఆవిడ వెళ్లిపోయింది. వెర్లిన్ నాలుగు రోజులు షెడ్డు తలుపు తియ్యలేదు. ఆ నాలుగు రోజులూ ఇంట్లో కాఫీ చల్లగా ఉందని, గుమ్మం కిర్రుమంటోందని ప్రతిదానికీ విసుక్కున్నాడని ఆర్లిస్ చెప్పింది.

ఐదో రోజు టార్చి పట్టుకోవడానికి నన్ను పిలిచాడు. తోక కింద పెన్సిల్‌తో చదరం గీశాడు, చెరిపాడు, ఇంకాస్త చిన్నది గీశాడు. డ్రిల్లు మూడుసార్లు ఎత్తి మూడుసార్లూ కింద పెట్టాడు. నాలుగోసారి మూలల్లో రంధ్రాలు చేసి, గీత వెంట కోశాడు. రేకు ముక్క ఊడి నా బూటు మీద పడింది. అందులోంచి చెయ్యి పెట్టి క్లిప్పు వదులుచేసి, జానెడు వైరు వదిలి మళ్లీ బిగించాడు. పెడల్ ఎడమకు నొక్కాడు, కుడికి నొక్కాడు. లైటు ఆరకుండా వెలిగింది.

"పది నిమిషాల పని," అన్నాడు. "పది నిమిషాలు."

అతని ముఖంలో సంతోషమేమీ లేదు. ఆకురాయి తీసి, కోసిన అంచును నున్నగా రుద్దడం మొదలుపెట్టాడు. ఆర్లిస్ భోజనానికి రెండుసార్లు పిలిచింది. నేను వచ్చేసేటప్పటికి అతను ఇంకా రుద్దుతూనే ఉన్నాడు.