ఎస్ నొక్కని తిరుమలమ్మక్క

మా తిరుమలమ్మక్క కంప్యూటర్‌లో ఏ పనైనా చేస్తుంది గానీ, 'ఎస్' అనే బటన్ మాత్రం నొక్కదు. ముందు నలుగురిని అడుగుతుంది. నలుగురూ నొక్కమంటే, ఇంతమంది ఒకే మాట చెబుతున్నారంటే ఏదో ఉందని 'నో' నొక్కుతుంది.

తిరుత్తణి బస్టాండు పక్క సందులో ఆమెది ఆన్‌లైన్ సెంటర్. మొన్న అక్టోబరు చివర్లో ఆమె కంప్యూటర్ రోజుకు పదిసార్లు తనంతట తానే ఆగిపోవడం మొదలుపెట్టింది. నేను ఆమె చిన్నాన్న కొడుకుని, తిరువళ్ళూరులో కంప్యూటర్లు బాగుచేస్తాను. వెళ్లి చూసి, బయోస్ అప్‌డేట్ చేస్తే చాలన్నాను.

"అది యాడుంటుంది నందూ?"

"మదర్‌బోర్డులో అక్కా. మెషిన్ లేవగానే తన కాళ్లూ చేతులూ యాడున్నాయో చూసుకునే చిన్న ప్రోగ్రాం. పాతబడింది. నాలుగు నిమిషాల పని."

"మధ్యలో కరెంటు పోతే?"

"బోర్డు మళ్లీ లేవకపోవచ్చు" అని నిజం చెప్పి చెడిపోయాను.

మర్నాడు ఫోన్. "కంపెనీవాళ్లే రాసినారు, మెషిన్ బాగుంటే అప్‌డేట్ చేయొద్దని. ఆ కిందనే అప్‌డేట్ ఇచ్చినారు. వద్దనేవాళ్లు ఎందుకిచ్చినట్టు?"

"నీది బాగాలేదు కదక్కా."

"బాగాలేనిదానికి ప్రమాదమైన పని చేయొచ్చునా?"

రైలెక్కి రెండోసారి వెళ్లాను. కొత్త వెర్షన్ పక్కన 'బీటా' అని ఉంది. అంటే ఇంకా పరీక్షలో ఉందన్నాను. "పాస్ కానిదాన్ని నా మెషిన్‌లో పెడతావా?" అని కాఫీ ఇచ్చి పంపేసింది. మూడోసారి దాని ముందరి వెర్షన్ తీసుకెళ్లాను. మధ్యలో మూడు వెర్షన్లు వదిలేసి నేరుగా దీనికి పోవచ్చునా అంది. పోవచ్చునన్నాను. నువ్వు ఇంత తొందరగా చెబుతున్నావంటే ఆలోచించలేదని అర్థం అంది. ఇంటికొచ్చాక నా సెల్‌ఫోన్ అప్‌డేట్ అడిగితే నేనూ 'నో' నొక్కాను. ఎందుకో నాకే తెలియదు.

నవంబరు చివర్లో నాలుగోసారి, ఈ సారి చేయనివ్వకపోతే మళ్లీ రాకూడదని ఒట్టు పెట్టుకుని వెళ్లాను. అక్క కాఫీకి వెళ్లింది. బెంచీ మీద కేశవన్ అనే ముసలి నేతగాడు తడిగుడ్డతో బొటనవేలు తుడుచుకుంటున్నాడు.

"పెట్టె మార్చేది నువ్వేనా అయ్యా? కొంచెం ఆగు. నేనే కడసి మనిషిని, నా తరవాత ఎవరూ లేరు" అన్నాడు.

"దేనికి తాతా?"

"బతికుండామని ఏటా ఈ నెలలో వేలిముద్ర పెట్టేదానికి. ముద్ర పడకపోతే పింఛను నిలిచిపోతుంది. మగ్గం లాగి లాగి మా గీతలన్నీ అరిగిపోయినాయి. వేరే సెంటర్లలో రెండుసార్లు చూసి పొమ్మంటారు. తిరుమలమ్మ ముప్పైసార్లయినా పెట్టిస్తుంది. మా వీధిలో ఇట్లాంటోళ్లం పదకొండు మందిమి, పది మందికి అయిపోయింది. ఈ పెట్టె ఎట్లనో మా వేళ్లను పట్టుకుంటా ఉంది. మారిస్తే పట్టుకోకపోతే ఏం చేసేదని ఆమె భయం."

"ఆ మాట నాతో చెప్పొచ్చు కదా?"

"చెప్తే, ఏమీ కాదంటావంట. నీ మీద ఆమెకు నమ్మకం తక్కువ."

అక్క వచ్చింది. ఇరవై రెండోసారికి కేశవన్ బతికే ఉన్నాడని కంప్యూటర్ ఒప్పుకుంది. ఆమె నా వైపు తిరిగి, "ఇంక చెయ్" అంది.

లైన్‌మన్ పళనికి ఫోన్ చేసి, నాలుగు నిమిషాలు కరెంటు తీయొద్దంది. "నేను తీయనక్కా, అదే పోతే నేనేం చేసేది?" అన్నాడు. సరే, ఫోన్ పెట్టేయొద్దంది. ఒక చేత్తో ఫోన్, ఇంకో చేత్తో గోడకున్న ప్లగ్గు పట్టుకుని నిలబడింది. 'ఎస్' నేనే నొక్కాను. అప్‌డేట్ ముగిసింది. స్క్రీన్ నల్లబడింది. ముగ్గురం దాన్నే చూస్తూ ఉండిపోయాం. నా చొక్కా చెమటకు తడిసిపోయాక కంప్యూటర్ లేచింది.

అక్క నన్ను మెచ్చుకోలేదు. వేలిముద్ర యంత్రాన్ని కేశవన్ ముందుకు జరిపింది.

"తాతా, ఇంకొకసారి పెట్టు."

"ఇప్పుడే కదమ్మా బతికినాను."

"అది పాత బయోస్‌లో. కొత్తదాంట్లో కూడా బతికి చూపించు."

ఆయన నిట్టూర్చి, మళ్లీ వేలు తుడుచుకున్నాడు.