తాబేలు హాజరా?

మా అర్జీల బాబాయికి ఉన్న జబ్బు ఒక్కటే. ప్రతి సోమవారం ఏదో ఒక జంతువు తరఫున ప్రభుత్వానికి అర్జీ పెట్టకపోతే ఆయనకి ఆ వారం గడవదు. ఒక వారం తాబేలు, ఒక వారం కప్ప, ఇంకో వారం గిజిగాడు. ఏదో నాలుగు ముక్కలు గిలికి పడేయడం కాదు. పేరు, తండ్రి పేరు, వృత్తి, చిరునామా అన్ని గళ్ళూ నింపి, కింద సంతకం చోట నాలుగు గోళ్ళ గీతలతో సహా పట్టుకొచ్చేవాడు.

బాబాయి అని పిలవడమే గానీ నాకు ఆయనతో చుట్టరికం లేదు. మా ఆఫీసు ప్రహరీ బయట, ఒక పుల్ల విరిగిన గొడుగు కింద మడత బల్ల వేసుకుని రాయడం రానివాళ్ళకి అర్జీలు రాసిపెట్టడం ఆయన పని. వాటిని లోపల తీసుకుని, ముద్ర కొట్టి, నంబరు వేయడం నా పని. ఆయనకి గొడుగైనా ఉంది, గాలైనా తగిలేది. నాకిచ్చిన గదికి కిటికీ లేదు. నాలుగు గోడలకీ చెమ్మ, నాకు పన్నెండు నెలలూ దగ్గు.

"ఏమ్మాయ్, ఒక కిటికీ పెట్టించమని అడగొచ్చుగా?" అనేవాడు.

"అమ్మో! పెద్దసారుని ఎవరడుగుతారు బాబాయ్?"

"శభాష్! ప్రభుత్వంలో కూర్చున్నదానివి నీకే ప్రభుత్వాన్ని అడగాలంటే వణుకు. ఇక గోడ బయట నిలబడ్డవాళ్ళు ఎంత వణకాలో!"

ఆయన నోట్లోంచి మంచిమాట రావడం నేను చూడలేదు. అర్జీ రాయించుకోవడానికి వచ్చినవాళ్ళనీ వదిలేవాడు కాదు. "ముందు ఆ ఏడుపు ఆపు. ఏడిస్తే కాగితం తడుస్తుంది, ఆఫీసరు తడవడు. ఏ తేదీన జరిగిందో చెప్పు," అనేవాడు. ఒకాయన మర్యాద కోసం "దయగల అధికారిగారికి" అని మొదలుపెట్టమంటే, "అబద్ధాలు రాయడానికి వేరే మనిషిని చూసుకో" అని కలం మూత పెట్టేశాడు.

మనుషుల అర్జీలు అలా రాసేవాడా, తాబేలు అర్జీ దగ్గరికి వచ్చేసరికి ఎక్కడలేని శ్రద్ధ! మొదటిసారి నా బల్ల మీద పెట్టినప్పుడు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.

"దరఖాస్తుదారు పేరు: తాబేలు. తండ్రి పేరు: తెలియదు, గుడ్డులోంచి వచ్చి చూసేసరికి ఎవరూ లేరు. వృత్తి: చచ్చిన చేపలు తిని నదిని శుభ్రం చేయడం. చిరునామా: కుడి ఒడ్డు, మూడో ఇసుక దిబ్బ. వరదొస్తే చిరునామా మారును. ఫిర్యాదు: నేను ఏటా గుడ్లు పెట్టే దిబ్బ మీద మట్టి కాంట్రాక్టరు లారీలు నిలుపుతున్నాడు. దారికి అడ్డంగా కంచె వేశాడు. నీళ్ళకి వెళ్ళాలంటే చుట్టూ తిరిగి పోవాలి. నా నడక తమకి తెలియనిది కాదు."

"ఇదేంటి బాబాయ్, తాబేలేంటి?"

"నీ రూలు పుస్తకంలో 'దరఖాస్తుదారు మనిషై ఉండవలెను' అని ఎక్కడైనా ఉందా? ఉంటే చూపించు."

చూశాను. లేదు. రాసినవాడికి ఆ ఊహే వచ్చి ఉండదు. పైగా చేతికొచ్చిన కాగితాన్ని తిప్పి పంపకూడదని మాత్రం ఎర్ర అక్షరాల్లో ఉంది. చేసేదేముంది, నంబరు వేశాను.

మా ఆఫీసు పద్ధతులు బయటివాళ్ళకి చెబితే నమ్మరు. నంబరు పడిన ప్రతి అర్జీకీ ముప్పై రోజుల్లో జవాబు పోవాలి. జవాబులో విషయం ఉండాలన్న నియమం లేదు. అందుకని తాబేలుకీ పోయింది: "గౌరవనీయులైన తాబేలు గారికి, తమ అర్జీ పరిశీలనలో ఉన్నది." కింద పెద్దసారు సంతకం. ఆయన చదవకుండా సంతకం పెట్టడంలో జిల్లాకే ఆదర్శం. ఇంకో పద్ధతి ఉంది. ఫిర్యాదు ఎవరి మీద వస్తే, ఆ కాగితాన్ని ఫిర్యాదు చేసినవాళ్ళ పేరూ చిరునామాతో సహా వాళ్ళకే పంపి సంజాయిషీ అడుగుతాం. జేబు కొట్టేశాడని చెబితే, ఆ కాగితం జేబుదొంగకే పంపి "నిజమేనా నాయనా?" అని అడిగినట్టు. తాబేలు కాగితం కూడా అలాగే మట్టి కాంట్రాక్టరుకి వెళ్ళింది. పాపం, ఆయన మూడో దిబ్బ దాకా వెళ్ళి తాబేలు కోసం వెతికాడట.

జవాబు కాగితాలు బాబాయే పట్టుకెళ్ళేవాడు.

"తాబేలుకి అందిందా?" అని నవ్వుతూ అడిగేదాన్ని.

"అందింది. విని నీళ్ళలోకి వెళ్ళిపోయింది. నీ జవాబుకి అంతకన్నా ఏం చేస్తుంది?"

నవ్వుకి కరువులేని కాలం అది. టీ వేళకి కప్ప అర్జీ నేను గొంతు మార్చి చదివితే సెక్షన్ అంతా కడుపు పట్టుకునేది. "లారీ హారన్ల మధ్య నా కూత మా ఆవిడకి వినిపించుట లేదు. ఇట్లయితే దోమల్ని ఎవరు తింటారో తమరే చెప్పవలెను." చేపది ఇంకో బాధ. పొంగు వచ్చినప్పుడు నదిలోంచి పక్క మడుగుల్లోకి ఈదుకొచ్చి, వెచ్చటి నిలవనీళ్ళలో తుంగ మొదళ్ళ మధ్య పిల్లల్ని పెట్టుకోవడం దాని ఆచారం. ఆ దారి కాలువని పాత గోడల పెళ్ళలతో మూసేశారు. "పురుడు పోసుకోవడానికి వచ్చిన ఆడదానికి తలుపు వేయుట తమ ఆఫీసులో రివాజేనా?" అని అడిగింది. మేం నవ్వాం. చేపకి దారి మూస్తే ఎవరి పొయ్యి ఆరిపోతుందో మాలో ఒక్కరికీ తట్టలేదు. జీతానికి పనిచేసే బుర్రలు.

అంతలో పెద్దసారుకి నది ఒడ్డు కనిపించింది. కారు అద్దంలోంచి చూసి "ఎంత ఖాళీ స్థలం!" అన్నాడట. ఆ ముక్కతోనే పథకం పుట్టింది. ఒడ్డంతా రెండు నిలువుల ఎత్తు మట్టి పోసి, గోడ కట్టి, పచ్చిక వేసి, బెంచీలు పెట్టి, సిమెంటు కొంగలు నాలుగు నిలబెడతారు. ఇంజినీరు ఆ బొమ్మని మా వరండాలో అంటించాడు. బాబాయి దాని ముందు నిలబడ్డాడు.

"ఏమయ్యా ఇంజినీరూ, రెల్లుగడ్డి పీకి పచ్చిగడ్డి వేస్తారా?"

"అవును బాబాయ్. పైపులతో నీళ్ళు కొడతాం."

"పక్కన నది పెట్టుకుని పైపా! బతికున్న కొంగల్ని తరిమి సిమెంటు కొంగలా! మేత పెట్టక్కర్లేదనా?"

"అది పనికిరాని నేల బాబాయ్. ఏడాదిలో పది నెలలు ఊరికే పడుంటుంది."

"నీ మంచం పగలంతా ఊరికే పడుంటుంది. ఖాళీగా ఉందని నేనొచ్చి దాని మీద గోడ కడితే ఎక్కడ పడుకుంటావు? నది ఏడాదికి రెండు నెలలు అక్కడ కాళ్ళు చాపుకుంటుంది. వెళ్ళేటప్పుడు ఒండ్రు పరిచి, విత్తనాలు చల్లి మరీ వెళుతుంది. ఆ చోటు లేకుండా చేశారనుకో, నీళ్ళు తిరిగి తిరిగి మీ ఇంటికొచ్చి సోఫా మీద పడుకుంటాయి. అప్పుడు పైపు పట్టుకుని నిలబడు."

ఇంజినీరు నవ్వి వెళ్ళిపోయాడు. చదువుకున్నవాళ్ళకి అదొక సుఖం, అర్థం కాకపోతే నవ్వొచ్చు.

కానీ పని మొదలుపెట్టబోతే ఒక చిక్కు వచ్చిపడింది. ఒక స్థలం మీద తేలని అర్జీలు ఉంటే, విచారణ జరిపేదాకా అక్కడ తట్టెడు మట్టి పోయకూడదు. ఆ ఒడ్డు మీద తేలనివి, ఒకే జంతువు పెట్టినవన్నీ ఒకటిగా లెక్కేసినా, నలభై ఒకటి ఉన్నాయి. నలభై ఒకటీ జంతువులవే.

పెద్దసారు నన్ను పిలిచాడు. "నువ్వేనా తాబేలుకి నంబరు వేసింది?"

"జవాబు మీరే ఇచ్చారు సార్," అనలేదు. దగ్గాను.

"సరే, విచారణ పెట్టేద్దాం. విలేకరుల్ని కూడా పిలవండి, నలుగురూ నవ్వుకుంటారు. ఒక్కొక్కటీ మూడుసార్లు పిలవడం, రాకపోతే కొట్టేయడం. గంటలో తేలిపోతుంది. నోటీసులు మాత్రం ఇచ్చిరా, రేపు ఎవడూ వంక పెట్టకుండా."

అలా నేను నలభై ఒక్క నోటీసులు సంచిలో వేసుకుని జంతువుల్ని వెతుక్కుంటూ బయల్దేరాను. ఏడేళ్ళుగా అర్జీలకి నంబర్లు వేస్తున్నాను గానీ నది ఒడ్డుకి వెళ్ళడం అదే మొదలు. ఖాళీ స్థలం అన్నారే, కాలు పెట్టడానికి సందు లేదు. తుంగ నడుము దాకా, దాని వెనక రెల్లు తల పైదాకా. గిజిగాళ్ళ గూళ్ళు నీళ్ళ మీద ఊగుతున్నాయి. లకుముకిపిట్ట ఒకటి నన్ను చూసి తిట్టింది. మూడో ఇసుక దిబ్బ మీద ఒక ముసలామె కోసిన తుంగ ఆరబెడుతోంది. చాపలు అల్లేవాళ్ళు ఆ ఒడ్డున పాకలు వేసుకుని ఉంటారని అప్పుడే తెలిసింది.

"అవ్వా, ఇక్కడ తాబేలు..." అని ఆగిపోయాను. ఎలా అడగాలి?

"ఏంటా కాగితం?"

"తాబేలుకి నోటీసు. సోమవారం విచారణ."

"రాకపోతే?"

"కొట్టేస్తారు. కొట్టేస్తే ఇదంతా మట్టితో పూడ్చేస్తారు."

"అట్లాగా. అక్కడ పెట్టి పో," అని మళ్ళీ తుంగ పరవడంలో పడింది. మిగతావి ఏ పొద ఎవరిదో తెలియక, అన్నీ ఆమె దగ్గరే రాయి కింద పెట్టి వచ్చేశాను.

సోమవారం హాలు నిండింది. విలేకరులు ముందు వరసలో, మట్టి కాంట్రాక్టరు రెండో వరసలో, బాబాయి ఎక్కడో చివర గోడకి ఆనుకుని. ఆయన ముఖం మొదటిసారి పాలిపోయి కనిపించింది. నాకెందుకో నవ్వు రాలేదు.

బంట్రోతు గొంతు సవరించుకున్నాడు. "తాబేలు! హాజరా?"

హాలంతా నవ్వు.

"తాబేలు!" ఇంకా పెద్ద నవ్వు. పెద్దసారు కొట్టేయడానికి కలం తీశాడు.

"తాబేలు..."

"వస్తున్నా, ఉండవయ్యా. మోకాళ్ళ నెప్పి," అని వెనక నుంచి వినిపించింది. మూడో దిబ్బ అవ్వ.

నవ్వు ఆగింది. బాబాయి "నిన్ను రావద్దన్నానా?" అని గోడ దగ్గర్నుంచే అరిచాడు. ఆమె పట్టించుకోలేదు.

"నువ్వు తాబేలువా?" అన్నాడు పెద్దసారు.

"మీ కాగితాల్లో అట్లాగే ఉంది కదండీ. మూడేళ్ళుగా 'గౌరవనీయులైన తాబేలు గారికి' అని మీరే రాస్తిరి. అప్పుడు రాని అనుమానం ఇప్పుడొచ్చిందా?"

"రుజువేంటి?"

అవ్వ నా బల్ల మీద కాగితం లాక్కుని, జుట్టు ముడిలోంచి తుంగ పుల్ల తీసి, సిరాలో ముంచి నాలుగు గీతలు గీసింది. ఫైల్లో ఉన్న గోళ్ళ గీతలే. మొదటి గీత పొట్టి, నాలుగోది వంకర.

"సొంత పేరుతో పెట్టుకోలేకపోయావా?" పెద్దసారు గొంతు తగ్గింది.

"పెట్టాను. నాలుగేళ్ళ కిందట. పేరూ, పాక గుర్తులూ అన్నీ ఇచ్చాను. మీరు ఆ కాగితాన్ని అదిగో, ఆ మట్టాయనకే పంపారు. నాలుగో రోజుకి నా పాక లేదు. అప్పుడు ఈ ముసలాయన అన్నాడు, 'నువ్వూ తాబేలూ ఒకే దిబ్బ మీద బతుకుతున్నారు, కష్టం ఇద్దరిదీ ఒకటే, పేరు దాందే పెడదాం. దాని ఇల్లు వీపు మీదుంటుంది, ఎవడూ కూల్చలేడు' అని."

ఆ కాగితం మీద ముద్ర ఎవరిదో అడగక్కర్లేదు. మా ఆఫీసులో ముద్ర ఒక్కటే, అది కొట్టే చెయ్యి కూడా ఒక్కటే.

తర్వాత బంట్రోతు చేపని పిలిస్తే వలలు వేసే అతను లేచాడు. మడుగు దారి మూశాక వాళ్ళింట్లో వల ఆరేసి రెండేళ్ళయింది. కప్పని పిలిస్తే మరీ లావుపాటి ఆవిడ లేచి, బాబాయి వైపు తిరిగి చేతులు నడుము మీద పెట్టుకుంది.

"అందరికీ మంచి మంచివి పెట్టి నాకు కప్పా! మా తోటికోడలికేమో లకుముకిపిట్టా!"

"నోటికి తగ్గట్టు పెట్టాను, కూర్చో," అన్నాడు బాబాయి. రంగు తిరిగొచ్చింది ఆయన ముఖానికి.

ఈసారి విలేకరులు నిజంగానే నవ్వారు. కానీ పెద్దసారు వైపు చూసి. నలభై ఒక్కమందీ హాజరు. ఒక్కొక్కరినీ విని రాసుకోవాల్సిందే, కొట్టేయడానికి ఏమీ లేదు. వాళ్ళ పాకల జోలికి కాంట్రాక్టరు పోకుండా విలేకరుల కళ్ళే కాపలా కాశాయి. తొమ్మిదో విచారణ నడుస్తుండగా నది పొంగింది. ఊళ్ళోకి రావలసిన నీళ్ళు ఒడ్డు మీదే తుంగలో, రెల్లులో పడుకుని, తీరిగ్గా లేచి వెళ్ళాయి. ఇంజినీరు సోఫా తడవలేదు. దానికి ఆయన నదికి గానీ గడ్డికి గానీ కృతజ్ఞత చెప్పినట్టు రికార్డులో లేదు. పథకం రద్దయిందా అంటే కాలేదు, వాయిదా పడింది. మా ఆఫీసులో మంచి పని ఏదీ పూర్తిగా జరగదు.

"నాకైనా చెప్పొచ్చుగా బాబాయ్, వాళ్ళు మనుషులని?" అని అడిగాను.

"చెబితే నంబరు వేసి కాంట్రాక్టరుకి పంపేదానివి," అన్నాడు. నిజమే.

మరుసటి సోమవారం మామూలుగానే ఒక కాగితం నా బల్ల మీద పడేసి వెళ్ళాడు.

"దరఖాస్తుదారు పేరు: నత్త. చిరునామా: అర్జీల గది, కిటికీ లేని గోడ పక్కన. వృత్తి: ముద్రలు కొట్టడం. విన్నపం: చెమ్మలో బతకడం మా జాతికి అలవాటే గానీ దగ్గు అలవాటు లేదు. ఒక కిటికీ పెట్టించగలరు." కింద సంతకం చోటు ఖాళీగా వదిలాడు.

నత్తట, నత్త! ఒళ్ళు మండిపోయింది. దగ్గు ఆగేదాకా ఆగి, ఖాళీలో మెలికలు తిరిగిన గీత ఒకటి గీశాను. ముద్ర కొట్టాను, నంబరు వేశాను. ముప్పై రోజుల్లో జవాబు, ఎప్పటికో విచారణకి పిలుపు వస్తుంది. బంట్రోతుకి ముందే చెప్పి ఉంచాను, మూడుసార్లు అరవక్కర్లేదని. మొదటి పిలుపుకే లేస్తాను.