తెల్లదీపం పెట్టినవాడు

లాంపు పిన్ని అంటే ఆ స్టేషన్లో తెలియనివాళ్ళు లేరు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఉద్యోగపు కాగితాల మీదే ఉండిపోయింది. స్టేషన్ మాస్టరు దగ్గర్నుంచి సామాన్లు మోసేవాళ్ళ దాకా, ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు సైతం, పిన్నీ అనే పిలిచేవాళ్ళు. నిప్పుకు భయపడి మిగతా గదులకు దూరంగా, ప్లాట్‌ఫారం కొసన కట్టిన లాంపు గది ఆమె రాజ్యం. సిగ్నల్ స్తంభాల మీద వెలిగే కిరోసిన్ దీపాలన్నీ పొద్దున్నే అక్కడికి చేరేవి. వత్తులు సమంగా కత్తిరించాలి, మసి తుడవాలి, అద్దాలు మెరిసేలా రుద్దాలి, కిరోసిన్ పోయాలి, పొద్దు వాలకముందే ఒక్కో స్తంభం ఎక్కి ఒక్కో దీపాన్ని దాని చోట పెట్టి రావాలి. వానైనా అంతే, ఒంట్లో నలతైనా అంతే.

ఆ పని ముందు ఆమె తాతది, తర్వాత నాన్నది. నాన్న పోయాక ఆ ఉద్యోగం తనకివ్వమని అడిగితే, "ఆడపిల్ల నిచ్చెన ఎక్కుతుందా?" అని ఆఫీసులో నవ్వారట. ఆమె బయటికి నడిచి, ఆఫీసు ఎదురుగా ఉన్న స్తంభం చివరికంటా ఎక్కి కూర్చుంది. దిగమని ముగ్గురు బతిమాలారు. "ముందు సంతకం పెట్టండి, దిగుతా" అంది. పెట్టారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు చేసింది. అన్నేళ్ళలో ఆమె పెట్టిన దీపం మధ్యలో ఆరిపోయిందన్న ఫిర్యాదు ఒక్కటంటే ఒక్కటి రాలేదు. ఈ మాట రోజుకోసారైనా చెప్పేది. వినేవాళ్ళు లేకపోతే గోడకు చెప్పేది. సొంత డబ్బా కొట్టుకోవడం అంటారా? అనండి. ఆ డబ్బాలో సరుకుంది కాబట్టే మోగింది.

ఆమె రిటైరయ్యే నాటికి కరెంటు దీపాలు వచ్చేశాయి, లాంపు గదికి తాళం పడింది. నాలుగేళ్ళు గడిచాక మ్యూజియం నుంచి కబురొచ్చింది. రైళ్ళు కొత్తగా వచ్చిన రోజుల్లో చిత్రకారులు స్టేషన్లను చూసి వేసిన రంగుల చిత్రాలు, పెన్సిల్ గీతలు, పాత పత్రికల్లో అచ్చయిన బొమ్మలు అన్నీ ఒకచోట చేర్చి ప్రదర్శన పెడుతున్నారట. మధ్యమధ్య పాత లాంతర్లు కూడా ఉంచుతారట. అవి తుప్పు పట్టి ఉన్నాయి, రెండు రోజులు వచ్చి బాగుచేసి పెట్టగలరా అని అడిగారు.

"వెళ్ళు," అన్నాడు ఆమె మొగుడు, కుట్టుమిషను మీంచి తలెత్తకుండానే. ఆయన ఇంట్లోనే బట్టలు కుట్టేవాడు. "నాలుగేళ్ళుగా మనింట్లో బల్బులు తుడిచి తుడిచి అరగదీశావ్. వాటికి కూడా కాస్త సెలవివ్వు."

మొదటి రోజు మధ్యాహ్నంలోపే తొమ్మిది లాంతర్లూ తళతళలాడించేసింది. ఇక ఊరికే కూర్చోవడం ఆమె జాతకంలో లేదు కదా, చేతులు తుడుచుకుని బొమ్మలు చూడ్డానికి బయల్దేరింది. ఒకదాంట్లో అద్దాల కప్పు కింద ఇంజను పొగ మేఘంలా కమ్ముకుంది. ఇంకోదాంట్లో మొదటి రైలు చూడ్డానికి వచ్చిన జనం గొడుగులతో తోసుకుంటున్నారు. ఒక పెన్సిల్ బొమ్మలో పెట్టె మీద కూర్చున్న తల్లి, ఒళ్ళో పిల్లతో సహా నిద్రపోతోంది. బాగున్నాయి, కాదనలేదు. కానీ ఏ బొమ్మ దగ్గర నిలబడినా ఆమె కళ్ళు తనవాళ్ళనే వెతికాయి. డ్రైవరున్నాడు, టోపీ పెట్టుకున్న గార్డున్నాడు, కోట్లేసుకున్న పెద్దమనుషులున్నారు, వాళ్ళ పెంపుడు కుక్కలు కూడా ఉన్నాయి. లాంపు గది మనిషి ఒక్కడూ లేడు.

"కుక్కపాటి చేయలేదా మేము?" అని పైకే అనేసింది. కాపలావాడు ఉలిక్కిపడి చూశాడు.

చివరి గదిలో ఒక అమ్మాయి నుదుటికి భూతద్దం కట్టుకుని, స్టాండు మీద నిలబెట్టిన రంగుల చిత్రాన్ని దూదితో తుడుస్తోంది. పాత చిత్రాలకు మరమ్మతు చేయడం ఆ అమ్మాయి ఉద్యోగం. తుడుపులోని ఓపిక చూసి పిన్నికి అక్కడికక్కడే నచ్చేసింది, బొమ్మల డాక్టరమ్మ అని పేరు కూడా పెట్టేసింది. తర్వాత చిత్రం వైపు చూసింది. చూసి, రెండడుగులు దగ్గరికి జరిగింది.

సందె వేళ స్టేషన్. ఒక ప్యాసింజరు బండి పొగ వెనక్కి వంచుకుంటూ వేగంగా వస్తోంది. దూరంగా, అవతలి పట్టాల మీద మరమ్మతు జరుగుతోంది. అక్కడ ఒకడు పచ్చ లాంతరు పట్టుకున్నాడు, గూడ్సు బండి పాకుతూ వస్తోంది. ముందు వైపు సిగ్నల్ స్తంభం, దాని మీద తెల్లగా దీపం. స్తంభానికి ఆనించిన నిచ్చెన మీద ఒక మనిషి. మోకాలు నిచ్చెనకు బిగించి, ఎడమచేత్తో మెట్టు పట్టుకుని, కుడిచేతి చూపుడువేలు వంచి దీపం పక్కన ఎత్తి పెట్టాడు.

"అమ్మాయ్, వీడు మావాడే!" పిన్ని సంతోషం పట్టలేక అరిచేసింది.

డాక్టరమ్మ నవ్వింది. "ఈ బొమ్మ గురించి మా మ్యూజియం పుస్తకంలో అయితే, కొత్త యుగం వస్తోందని ఆకాశం వైపు చూపిస్తున్నాడని రాశారండీ."

"ఆకాశమా! బండి వచ్చే వేళకి నిచ్చెన మీద నిలబడి ఆకాశం చూపించేవాణ్ణి మా నాన్న అయితే అప్పుడే కిందికి లాగి తన్నేవాడు. అద్దం తడుతున్నాడే తల్లీ. బండిని ఆపాల్సినప్పుడు దీపం ముందుకి వచ్చే ఎర్రద్దం గట్టిగా కూర్చుందా లేదా అని గోటితో తట్టి చూడాలి. నేనూ రోజూ తట్టేదాన్ని."

అప్పుడే మ్యూజియం డైరెక్టరు గారు వచ్చారు. మర్యాదస్తుడు, పని ఒత్తిడిలో ఉన్నారు. రేపు పదకొండింటికి ఆ తెల్లదీపం మీద పల్చగా పచ్చరంగు వేయాలని, మధ్యాహ్నం పోస్టరు కోసం ఫొటో తీస్తారని డాక్టరమ్మకు గుర్తు చేశారు. ఎప్పుడో ఎవరో గట్టిగా రుద్దడం వల్ల అక్కడి పచ్చ పోయిందని ఆయన నమ్మకం. బండి వస్తోంది కాబట్టి దీపం పచ్చగా ఉండి తీరాలి. దూరంగా లాంతరు పచ్చగానే ఉంది కదా, అదే రుజువు.

"అయ్యా, అది పోయిన రంగు కాదండీ," అంది పిన్ని. "ఆ కాలంలో దారి ఖాళీగా ఉంటే తెల్లదీపమే. పచ్చ అంటే మెల్లగా రమ్మని. అందుకే మరమ్మతు దగ్గర పచ్చ పెట్టారు. మా తాత చెప్పేవాడు. ఒకసారి ఎర్రద్దం ఊడిపడిపోయిందట. ఆగమని చెప్పాల్సిన దీపం తెల్లగా కనబడి రమ్మన్నట్టయింది. బండి వచ్చి గుద్దింది. అప్పట్నుంచే అద్దం తట్టడం. ఆ తర్వాత కొన్నేళ్ళకి తెలుపు తీసేసి, రమ్మనడానికి పచ్చ పెట్టారు."

ఆయన ఓపిగ్గానే విన్నారు. "అమ్మా, లాంతర్లు అద్భుతంగా చేశారు. తాతగారి కథ కూడా బాగుంది. కానీ కథ మీద ఆధారపడి మేం ఏదీ నిర్ణయించలేం. బొమ్మల సంగతి మాకు వదిలేయండి."

తిట్టి ఉంటే పిన్ని తిరిగి తిట్టేది, ఆ విద్యలో ఆమెకు సాటి లేరు. ఆయన మెత్తగా అనడంతో ఆ విద్య పనికిరాలేదు. సంచి తీసుకుని ఇంటికొచ్చేసింది.

సాయంత్రం మొగుడు కంచం ముందు కూర్చుని ఎదురుచూశాడు. ఆమె ముద్ద కలిపింది, నోట్లో పెట్టలేదు.

"ఏమైందే?"

"నిచ్చెన మీద వాడి చేత తప్పుడు దీపం పెట్టిస్తున్నారు."

సంగతంతా విన్నాక ఆయన, "వాడు పోయి వందేళ్ళు దాటుంటుంది కదే," అన్నాడు.

"పోతే? పోయినవాడు వచ్చి చెప్పుకోలేడు కాబట్టే వాడి మీద నింద వేయకూడదు. దారి ఖాళీగా ఉంది, వాడు సరైన దీపం పెట్టాడు, బండి ధైర్యంగా వస్తోంది. రేపు అక్కడ పచ్చ పూస్తే? మెల్లగా రమ్మని దీపం, దూసుకొస్తున్న బండి. చూసినవాళ్ళకి తెలియకపోవచ్చు. నాకు తెలుసు కదా. అన్ని బొమ్మల్లో మావాడు ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కణ్ణీ పని రానివాణ్ణి చేస్తారా?" కళ్ళు తుడుచుకుంది. "కథ చాలదట, కాగితం కావాలట. మా తాతకి చదువెక్కడిది, కాగితం ఎక్కణ్ణుంచి తేను?"

"దీపాలకి కాగితాలే ఉండవా? నేను లాగు కుట్టాలన్నా కొలతలు రాసుకుంటాను."

పిన్ని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. లాంపు గది బీరువా తలుపు లోపల ఎప్పుడూ ఒక డ్రాయింగు అంటించి ఉండేది. దీపం లోపలి భాగాలన్నీ అందులో గీసి ఉండేవి. మూలన ఏ రంగు అద్దం, ఎంత కొలత, ఎందుకు అని రాసి ఉండేది. అది రాయకపోతే అద్దాలు చేసేవాడికి ఏం చెప్పాలి? అలా రాయని లాంపు డ్రాయింగు ఆమె చూడలేదు. అలాంటి డ్రాయింగొకటి ఆ మ్యూజియం గోడ మీదే ఉంది! రంగులు ముచ్చటగా ఉన్నాయని మధ్యాహ్నం అనుకుంది కూడా. నిచ్చెన మనిషి ఉన్న చిత్రంలోని స్టేషన్ కట్టినవాళ్ళే గీసిన సిగ్నల్ దీపం బొమ్మ. కానీ మూలన రాత ఉన్నట్టు గుర్తు రాలేదు.

"అన్నం తిను," అన్నాడు మొగుడు. "తిని, పొద్దున్నే వెళ్ళు. నువ్వు చెప్పాల్సింది చెప్పకపోతే నాక్కూడా సుఖం ఉండదు."

మర్నాడు మ్యూజియం తలుపులు తీసేసరికి ఆమె మెట్ల మీదే ఉంది. డాక్టరమ్మను చెయ్యి పట్టుకుని ఆ డ్రాయింగు దగ్గరికి లాక్కెళ్ళింది. నాలుగు మూలలూ చూశారు. రాత లేదు. పిన్ని వెనక్కి తిరగబోయింది.

డాక్టరమ్మ మాత్రం ముక్కు అద్దానికి ఆనేంత దగ్గరగా వంగింది. "పిన్నిగారూ, ఇది పూర్తి కాగితం కాదండీ. ఫ్రేములో అందంగా కనబడాలని చుట్టూ అట్ట పెడతాం. అంచులు అట్ట కిందికి వెళ్ళిపోయాయి." గోడ మీంచి దించింది. ఫ్రేము తెరవాలంటే పైవాళ్ళ అనుమతి కావాలి. డైరెక్టరు గారు ఇంకా రాలేదు. పదకొండు కావడానికి గంట కూడా లేదు. ఆ అమ్మాయి ఒక్క క్షణం గుమ్మం వైపు చూసి, వెనక మేకులు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టింది. పిన్ని ఫ్రేము కదలకుండా పట్టుకుంది.

అట్ట పక్కకి జరిగింది. కింది మూలన, చీమల బారులాంటి అక్షరాలు. పిన్నికి చదవడానికి చూపు ఆనలేదు. డాక్టరమ్మ భూతద్దం దించుకుని గట్టిగా చదివింది.

"ఎర్ర అద్దం ఒకటి, ఆగుటకు. పచ్చ అద్దం ఒకటి, నెమ్మదించుటకు. దారి ఖాళీ అయినప్పుడు అద్దం లేదు, తెల్లని వెలుగే."

"ఇంకోసారి చదువమ్మా," అంది పిన్ని. ఆ అమ్మాయి మళ్ళీ చదివింది. పిన్నికి తాత గుర్తొచ్చాడు. సంతకం చేయడం రాక వేలిముద్ర వేసిన తాత, చదువుకున్నవాళ్ళు అట్ట కింద పెట్టి మరిచిపోయిన మాటను అక్షరం పొల్లుపోకుండా మనవరాలికి చెప్పి పోయాడు. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి, రెండింటినీ దాచుకోలేదు.

డైరెక్టరు గారు ఫొటో తీసేవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. విప్పేసిన ఫ్రేము చూసి ముఖం ముడుచుకున్నారు. డాక్టరమ్మ భూతద్దం ఆయన చేతికిచ్చింది. ఆయన చదివారు. తర్వాత చిత్రం దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. గూడ్సు బండి పొగ నిటారుగా లేవడం, ప్యాసింజరు పొగ వెనక్కి వాలడం, పచ్చ దగ్గర నెమ్మది, తెలుపు దగ్గర వేగం, అన్నీ పిన్ని పక్కనే నిలబడి వేలుపెట్టి చూపించింది. బొమ్మ వేసినవాడు ఆ స్టేషన్లో ఎన్ని సాయంత్రాలు కూర్చున్నాడో కానీ కళ్ళు తెరుచుకునే కూర్చున్నాడు.

"పదహారేళ్ళుగా ఈ బొమ్మ నా దగ్గరుంది," అన్నారాయన మెల్లగా. "నేను చూడనేలేదు. తప్పు నాదమ్మా. నిన్న మీ మాట వినాల్సింది."

"తెలిస్తే ఎందుకు చేస్తారండీ," అంది పిన్ని. పెద్దమనసుతో అన్నమాటే. కానీ 'ఇప్పుడు తెలిసిందా' అన్నది కూడా అందులో కాస్త ఉంది, ఆమె ముఖం దాచలేదు.

కలిపి ఉంచిన పచ్చరంగును డాక్టరమ్మ తీసుకెళ్ళి పారబోసింది. దీపం ఉన్నది ఉన్నట్టుగానే ఫొటో తీశారు. చిత్రం కింద పెట్టే వివరాల అట్ట మాత్రం కొత్తగా రాయాల్సి వచ్చింది. దీపం తెల్లగా ఎందుకుందని జనం అడుగుతారు కదా. డైరెక్టరు గారు కలం తీసి, మీరే చెప్పండి, రాసుకుంటాను అన్నారు. చెప్పినవారిగా ఆమె పేరు కూడా వేస్తామన్నారు.

"నా పేరెందుకండీ, నేను కిందనే ఉన్నాను. పైనున్నది వాడు," అంది పిన్ని. కొంగుతో చేతులు తుడుచుకుని, స్తంభంలా నిటారుగా నిలబడి, ఒక్కో మాటా ఆయన రాసేదాకా ఆగి చెప్పింది.

"రాయండి. దీపం సరిగ్గానే ఉంది. పెట్టినవాడికి తన పని తెలుసు."